రోటరీ ఇంజన్‌లో రోటర్లు మార్చి కంప్రెషన్ సరిచేసుకోవడం ఎలా? మాజ్డా 13బి ఇంజన్ కోసం మొదటి నుంచి చివరి దాకా

"అన్నా, 13బిలో కంప్రెషన్ పెంచాలంటే ఏం చేయాలి, హెడ్ గీకించొచ్చా?" అని నెలకి నలుగురైనా అడుగుతున్నారు. కొందరు చెన్నైలో చదువుకుంటున్న మన కుర్రాళ్లు, కాలేజీ టీమ్‌లో ఉన్నవాళ్లు. ఇంకొందరు బయట నుంచి మాజ్డా కార్లు ఆర్‌ఎక్స్-7, ఆర్‌ఎక్స్-8ల ఇంజన్ తెప్పించుకుని చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్ మీద తిప్పాలనుకునేవాళ్లు. విడివిడిగా ఎంత చెప్పినా ఏదో ఒకటి మిగిలిపోతోంది, అందుకే అంతా ఒక్కచోట రాస్తున్నాను.

హెడ్ సంగతి ముందే తేల్చేద్దాం. రోటరీలో పిస్టన్ల బదులు హౌసింగ్ లోపల మూడు మూలల రోటర్ తిరుగుతుంది. హెడ్ లేదు, హెడ్ గాస్కెట్ లేదు, కాబట్టి గీకించడానికీ ఏమీ లేదు. హౌసింగ్ వెడల్పు 80 మి.మీ., దాన్ని తగ్గిస్తే రోటర్ పక్క ప్లేట్లకి రాసుకుంటుంది తప్ప కంప్రెషన్ పెరగదు. కంప్రెషన్ రేషియోని (గదిలోని గాలిని ఎన్నో వంతుకి నొక్కుతుందన్న లెక్కని) నిర్ణయించేది రోటర్ మూడు ముఖాల మీదా ఉన్న గుంట ఒక్కటే. గుంట లోతు తక్కువైతే కంప్రెషన్ ఎక్కువ, లోతు ఎక్కువైతే కంప్రెషన్ తక్కువ.

ముందు లెక్క చూసుకోండి

13బిలో ఒక్కో గది 654 సీసీ. రేషియో = (654 + మిగిలిన ఖాళీ) ÷ మిగిలిన ఖాళీ. ఆ ఖాళీ ఎంతో తెలియాలంటే 654ని రేషియోలోంచి ఒకటి తీసేసిన అంకెతో భాగించండి. మాజ్డా ఫ్యాక్టరీ రోటర్లలో మీకు దొరికేవి ఇవి:

- 8.5: 1986–88 ఆర్‌ఎక్స్-7 టర్బో. ఖాళీ సుమారు 87 సీసీ.
- 9.0: 1989–91 టర్బో, ఆ తర్వాత వచ్చిన ట్విన్ టర్బో 13బి-ఆర్‌ఈడబ్ల్యూ. సుమారు 82 సీసీ.
- 9.4: 1986–88 టర్బో లేనిది. సుమారు 78 సీసీ.
- 9.7: 1989–91 టర్బో లేనిది. సుమారు 75 సీసీ.
- 10.0: ఆర్‌ఎక్స్-8 రెనెసిస్. సుమారు 73 సీసీ.

9.0 నుంచి 9.7కి వెళ్తే ముఖానికి తేడా ఆరున్నర సీసీ, అంటే చిన్న టీ స్పూను కన్నా కాస్త ఎక్కువ. దానివల్ల వచ్చేది థియరీ లెక్కలో రెండు శాతం. 9 నుంచి 10కి వెళ్లినా మూడు శాతం దాటదు. పోర్టులు (గాలి వచ్చిపోయే దారులు) సరిగ్గా చేస్తే, సీళ్లు బిగువుగా ఉంటే, ట్యూనింగ్ బాగుంటే వచ్చే లాభం ముందు ఇది చాలా చిన్నది. 1991లో లే మాన్ గెలిచిన మాజ్డా 787బిలోని నాలుగు రోటర్ల ఇంజన్ కూడా 10 దగ్గరే ఆగింది, అదీ ఒక్కో రోటర్‌కి మూడేసి స్పార్క్ ప్లగ్‌లు పెట్టి. రోటరీలో మంట మండే గది సన్నగా, పొడుగ్గా, మధ్యలో నడుము నొక్కినట్టు ఉంటుంది. గుంట మరీ పల్చనైతే మంట ఆ నడుము దాటి అవతలికి పోవడమే కష్టమవుతుంది. అందుకే 11, 12 అని కలలు కనకండి.

నా మాట వినే ఓపిక ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి: రోటర్ చెక్కించకండి, మీకు కావలసిన రేషియో ఉన్న ఫ్యాక్టరీ రోటర్ జత కొనుక్కోండి. ఎందుకో కింద చెప్తాను. చెక్కించక తప్పని పరిస్థితి ఉన్నవాళ్లకి ఆ దారి కూడా రాశాను.

ఏ రేషియో తీసుకోవాలి?

టర్బో లేకపోతే 9.4 లేదా 9.7. టర్బో ఉంటే 9.0. బూస్ట్ (టర్బో గాలిని నెట్టే ఒత్తిడి) గట్టిగా పెట్టాలని 8.5కి దిగేవాళ్లున్నారు, భద్రత కాస్త పెరిగే మాట నిజమే కానీ టర్బో లేచేదాకా బండి నీరసంగా ఉంటుంది. ఈ రోజుల్లో ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) మీద టైమింగ్, ఇంధనం ఇంత చక్కగా అదుపు చేసుకోగలిగినప్పుడు 9.0 నుంచి దిగాల్సిన అవసరం నాకైతే కనపడలేదు.

ఇక్కడ చాలామంది పెట్రోల్ దగ్గర పొరపడతారు. అమెరికా వాళ్లు "93 పెట్రోల్ మీద నడిపాం" అంటే అది మన 93 కాదు. ఆక్టేన్ అంటే పెట్రోల్ వేళ కాని వేళ పేలకుండా తట్టుకునే శక్తి. వాళ్లు రెండు రకాల ఆక్టేన్ల సగటు చెప్తారు, మనం అందులో ఒకటైన ఆర్‌ఓఎన్ చెప్తాం. వాళ్ల 93 అంటే మన లెక్కలో దాదాపు 98. మన బంకులో మామూలు పెట్రోల్ 91గా ఉండేది, ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 వచ్చాక 95; ఎక్స్‌పీ100 లాంటిది కొన్ని బంకుల్లోనే. టర్బో లేని 9.7కి 91 సరిపోతుంది, అమెరికాలో అవే కార్లు వాళ్ల మామూలు 87 మీద నడిచాయి, అది ఇంచుమించు మన 91. టర్బో ఉంటే మాత్రం వాళ్ల ట్యూన్ ఫైలు ఉన్నదున్నట్టు తెచ్చి మన మామూలు పెట్రోల్ మీద వేశారో, ఇంజన్ మళ్లీ విప్పాల్సిందే.

కావలసినవి

రోటర్ల జత (రెండూ ఒకే మోడల్, ఒకే రేషియో), ఆ రోటర్లకి సరిపోయే ముందు, వెనక కౌంటర్ వెయిట్లు, కొత్త సీళ్లు, స్ప్రింగులు, ఓ-రింగులు, మీ ఇంజన్ సర్వీస్ మాన్యువల్. కొలవడానికి 100 మి.లీ. బ్యూరెట్ (చెన్నై ప్యారీస్ కార్నర్ వైపు సైన్స్ సామాన్ల షాపుల్లో దొరుకుతుంది), గ్రాము తేడా చూపించే తూకం, మైక్రోమీటర్, ఫీలర్ గేజ్, డయల్ గేజ్. ఇవి కాక గ్రీజు, పల్చటి పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్, బంకులో దొరికే 2టీ ఆయిల్ (టూ-స్ట్రోక్ బండ్లలో పెట్రోల్‌తో కలిపేది), పెట్రోలియం జెల్లీ డబ్బా.

చెన్నైలో చేస్తున్నవాళ్లు ఇంకోటి కూడా రాసుకోండి: తుప్పు. సైడ్ ప్లేట్లు, రోటర్లు పోత ఇనుము. సాయంత్రం కడిగి తుడిచి అలాగే వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రటి పొర వచ్చేస్తుంది, సముద్రపు గాలి అలాంటిది. కడిగిన ప్రతిసారీ అప్పటికప్పుడే నూనె రాసి కవర్లో చుట్టండి.

1. వచ్చిన రోటర్లని పరీక్షించండి

పార్సిల్ విప్పగానే మూడు మూలలూ భూతద్దంతో చూడండి. మేం మొదటిసారి తెప్పించిన జతని అమ్మినవాళ్లు ఒక్క బబుల్ షీట్ చుట్టి అట్టపెట్టెలో పడేసి పంపారు, దారిలో రెండు రోటర్లు ఒకదానికొకటి కొట్టుకుని ఒక మూల దగ్గర, సరిగ్గా అపెక్స్ సీల్ (మూలల దగ్గర గాలి కారకుండా ఆపే పట్టీ) గాడి అంచున, బియ్యపు గింజంత ముక్క ఎగిరిపోయింది. అది ఇక ఇంజన్‌లోకి పనికిరాదు. అమ్మేవాళ్లకి ముందే చెప్పండి, రోటర్‌కో చెక్కపెట్టె.

తర్వాత అపెక్స్ సీల్‌ని గాడిలో పెట్టి ఫీలర్ గేజ్ దూర్చండి. 0.15 మి.మీ. గేజ్ దూరిందంటే ఆ గాడి అరిగిపోయింది. 1985 దాకా వచ్చిన వాటిలో సీల్ మందం 3 మి.మీ., 1986 నుంచి 2 మి.మీ. అరిగిన 2 మి.మీ. గాడిని 3కి కోయించుకుని వాడేవాళ్లున్నారు, మంచి మెషీన్ షాపు దొరికితే అదీ ఒక దారే. లోపలి బేరింగ్‌లో రాగి రంగు కనపడుతుంటే బేరింగ్ మార్చాలి.

ఆర్‌ఎక్స్-8 రోటర్లు పాత 13బిలో వేద్దామనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక: వాటి అపెక్స్ సీల్ ఎత్తు తక్కువ, సైడ్ సీళ్ల (రోటర్ పక్కల్లో గాలి ఆపేవి) అమరిక కూడా వేరు. పెట్టి తిప్పినవాళ్లున్నారు కానీ మొదటి ఇంజన్‌గా మాత్రం అది చేయకండి.

2. గుంట కొలవండి

పిస్టన్ ఇంజన్ హెడ్ కొలిచినట్టు పైన గాజు పలక పెడితే ఇక్కడ కుదరదు, రోటర్ ముఖం వంపుగా ఉంటుంది, పలక మధ్యలో ఆని రెండు పక్కలా తేలిపోతుంది. ఇలా చేయండి. రోటర్‌ని ఒక ముఖం పైకి వచ్చేలా చెక్క దిమ్మల మీద కూర్చోబెట్టి లెవెల్ చూడండి. గుంట అంచు చుట్టూ సన్నగా గ్రీజు రాయండి. ప్లాస్టిక్ షీట్‌ని ఒక మూల నుంచి ఇంకో మూలకి వంపు వెంబడి బిగుతుగా లాగి టేపు వేయండి. షీట్‌కి రెండు చిన్న కన్నాలు పెట్టండి, ఒకటి నీళ్లు పోయడానికి, ఒకటి గాలి పోవడానికి. నీళ్లలో రెండు చుక్కల నీలం ఇంకు, ఒక్క చుక్క గిన్నెలు తోమే సబ్బు కలిపితే బుడగలు అంటుకోవు. బ్యూరెట్‌తో నెమ్మదిగా నింపి రెండో కన్నం దగ్గర నీలం కనపడగానే ఆపండి.

ఒక్కో ముఖం మూడుసార్లు కొలవండి. మూడు కొలతల మధ్య అర సీసీ కన్నా ఎక్కువ తేడా వస్తే తప్పు మీ షీట్‌ది, రోటర్‌ది కాదు. ఎక్కువమంది దగ్గర షీట్ ఉబ్బుతుంది, దాంతో ఒకటి రెండు సీసీలు ఎక్కువ చూపిస్తుంది. మీ పాత రోటర్‌ని కూడా ఇదే పద్ధతిలో కొలిచి తేడా చూసుకోవడం మర్చిపోకండి, ఎందుకంటే మీకు కావలసింది గుంట మొత్తం కొలత కాదు, పాతదానికీ కొత్తదానికీ ఉన్న తేడా. 9.0 తీసి 9.7 వేస్తుంటే గుంట ఆరున్నర సీసీ దాకా తక్కువ రావాలి. రాలేదంటే అమ్మినవాళ్లు వేరే మోడల్ అంటగట్టారన్నమాట.

కొలత అయ్యాక గాలి కొట్టి ఆరబెట్టి వెంటనే నూనె.

3. చెక్కించక తప్పదంటే

చెక్కితే కంప్రెషన్ తగ్గించగలం, పెంచలేం. గుంటలో వెల్డింగ్ పోసి పెంచుదామని ఒకరిద్దరు అడిగారు, దయచేసి వద్దు. పోత ఇనుము వెల్డ్ దగ్గర పగులుతుంది, ఆ ముక్క హౌసింగ్‌ని కూడా పాడు చేస్తుంది.

9.0 రోటర్‌ని 8.5 చేయాలంటే ముఖానికి దాదాపు అయిదున్నర సీసీ తీయాలి. అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ముప్పై ఏళ్లుగా మిల్లింగ్ చేస్తున్న నెల్లూరు పెద్దాయన దగ్గరికి ఈ పని పట్టుకెళ్తే, రోటర్‌ని అరచేతిలో తిప్పి చూసి, వేలితో గుంట మీద రెండుసార్లు తట్టి, "బాబూ, ఇది లోపల బోలు కదా, గోడ ఎంత మందం ఉందో తెలియకుండా కత్తి ఎట్లా పెట్టమంటావు?" అన్నారు. ఆయన అన్నది నూటికి నూరు పాళ్లు నిజం. రోటర్ లోపల బోలుగా, ఈనెలతో ఉంటుంది, దాన్ని చల్లబరిచే ఇంజన్ ఆయిల్ అందులోనే తిరుగుతుంది. గోడ పల్చనైతే ముందు పగులు, తర్వాత ఆయిల్ మండే గదిలోకి.

కాబట్టి మిల్లింగ్‌కి ముందు అల్ట్రాసోనిక్ మందం గేజ్‌తో గుంట అంతా అంగుళానికో చోట కొలిపించండి. టెస్టింగ్ ల్యాబుల్లో ఈ గేజ్ ఉంటుంది. దాన్ని ఉక్కుకి సెట్ చేసి ఉంచుతారు, పోత ఇనుములో శబ్దం వేగం వేరు, అందుకని తెలిసిన మందం ఉన్న పోత ఇనుప ముక్క ఒకటి తీసుకెళ్లి దాని మీద సెట్ చేయించండి. ఇది చేయకపోతే గేజ్ ఉన్నదానికన్నా ఎక్కువ మందం చూపిస్తుంది, మీరు ధైర్యంగా కోసేస్తారు. గుంట అంచులు పదునుగా వదలకండి, పదునైన అంచు ఎర్రగా కాలి మంటని ముందే అంటిస్తుంది.

4. బ్యాలెన్స్: ఎక్కువమంది వదిలేసేది ఇదే

ముఖానికి అయిదున్నర సీసీ పోత ఇనుము అంటే సుమారు 39 గ్రాములు. మూడు ముఖాలకీ కలిపి రోటర్‌కి దాదాపు 118 గ్రాములు. ఇంతేగా అనిపిస్తుంది. రోటర్ కేంద్రం దాన్ని మోసే ఎక్సెంట్రిక్ షాఫ్ట్ కేంద్రం నుంచి 15 మి.మీ. దూరంలో షాఫ్ట్ వేగంతోనే తిరుగుతుంది, 8000 ఆర్‌పీఎం దగ్గర ఆ 118 గ్రాముల తేడా 125 కిలోల బలంతో షాఫ్ట్‌ని లాగుతుంది. రెండు రోటర్ల నుంచీ సమానంగా తీశాం కదా అంటారా, అవి ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి లాగుడు రద్దయినా షాఫ్ట్ మాత్రం రెండు చివర్లా ఊగిసలాడుతుంది. దాన్ని ఆపేవే ముందు, వెనక కౌంటర్ వెయిట్లు, అవి పాత రోటర్ బరువుకి చేసినవి.

చెక్కకుండా వేరే మోడల్ రోటర్లు వేసినా ఇదే కథ. 86–88 రోటర్ల బరువు వేరు, 89–91వి వేరు, ఆర్‌ఎక్స్-8వి వేరు. రోటర్లు ఏ మోడల్‌వో కౌంటర్ వెయిట్లు కూడా ఆ మోడల్‌వే కావాలి. మాన్యువల్ గేర్ బండ్లలో వెనక వెయిట్ ఫ్లైవీల్‌లోనే కలిసి ఉంటుంది. తేలిక ఫ్లైవీల్ వేస్తే ఆటోమేటిక్ బండి నుంచి వెనక కౌంటర్ వెయిట్ విడిగా తెచ్చి పెట్టాలి, అది కూడా మీ రోటర్ల మోడల్‌దే.

చెక్కిన రోటర్లకి ఫ్యాక్టరీ వెయిట్ ఏదీ సరిపోదు, డైనమిక్ బ్యాలెన్సింగ్ చేయించాల్సిందే. బ్యాలెన్సింగ్ షాపులో క్రాంక్ షాఫ్ట్ అని ఇచ్చేసి రాకండి. షాఫ్ట్ లోబ్‌ల మీద రోటర్, సీళ్ల బరువుకి సమానమైన రింగులు బిగించి తిప్పాలని దగ్గరుండి చెప్పండి. రోటర్ మూడు ముఖాల నుంచీ సమానంగా తీశారా అన్నది అంతకన్నా ముందే చూసుకోవాలి.

5. బిగింపు

పూర్తి అసెంబ్లీ మాన్యువల్‌లో ఉంది, దాన్నే పట్టుకోండి. తప్పులు జరిగే చోట్లు మాత్రం చెప్తాను.

సైడ్ సీల్‌కీ కార్నర్ సీల్‌కీ (మూలలో అపెక్స్, సైడ్ సీళ్లు కలిసేచోట ఉండేది) మధ్య సందు 0.05 నుంచి 0.15 మి.మీ. ఉండాలి. సీల్‌ని కొంచెం పొడుగ్గా ఇస్తారు, మీరే ఆకురాయితో సరిచేసుకోవాలి. ఒక్కో సీల్ ఒక్కో గాడికే, కలిసిపోకుండా అట్ట మీద గుర్తులు రాసి గుచ్చిపెట్టండి. మొత్తం పన్నెండు. తొందరపడి ఒక్కసారి ఎక్కువ రాస్తే ఆ సీల్ పోయినట్టే. ఈ పని రాత్రిపూట అలసిపోయి చేయకండి.

ఎక్సెంట్రిక్ షాఫ్ట్ ముందు బోల్టు బిగించేటప్పుడు ఇంజన్ ముక్కు పైకి ఉండాలి. మేం ఒకసారి ఇంజన్‌ని అడ్డంగా పెట్టి పుల్లీ సరిచేద్దామని బోల్టు వదులు చేశాం. లోపల సూదుల్లాంటి రోలర్లుండే థ్రస్ట్ బేరింగ్ జారి స్పేసర్ అంచు మీద పడింది, అది తెలియక మళ్లీ బిగించాం. షాఫ్ట్ తిరిగింది కానీ ఆట అస్సలు లేదు. డయల్ గేజ్ పెట్టి చూశాం కాబట్టి బతికాం, విప్పితే బేరింగ్ పంజరం నలిగిపోయి ఉంది. షాఫ్ట్ ముందు వెనకల ఆట 0.04 నుంచి 0.07 మి.మీ. రావాలి. సున్నా వచ్చినా, 0.09 దాటినా విప్పండి.

పొడుగు బోల్టులు ఒక్కసారిగా కాదు, మాన్యువల్ చూపించిన వరసలో మూడు విడతలుగా. ప్రతి విడత తర్వాత షాఫ్ట్‌ని చేత్తో తిప్పండి. ఎక్కడైనా గట్టిగా పట్టిందంటే ఒక సీల్ గాడిలోంచి లేచింది, బలవంతం చేయకుండా విప్పండి.

6. మొదటి స్టార్ట్, ట్యూనింగ్

పెట్రోల్‌లో లీటరుకి 8 నుంచి 10 మి.లీ. 2టీ ఆయిల్ కలపండి. కంప్రెషన్ పెంచారు కాబట్టి పాత టైమింగ్ మ్యాప్ కన్నా లోడ్ దగ్గర రెండు మూడు డిగ్రీలు వెనక్కి లాగి మొదలుపెట్టి, నెమ్మదిగా ముందుకి రండి. బూస్ట్ కింద ఒక్కో రోటర్‌కి ఉన్న లీడింగ్ (ముందు వెలిగేది), ట్రెయిలింగ్ (తర్వాత వెలిగేది) ప్లగ్‌ల మధ్య 10 నుంచి 15 డిగ్రీల తేడా ఉంచండి.

ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఈ20. దీనికి సరైన గాలి, పెట్రోల్ నిష్పత్తి 14.7 కాదు, దాదాపు 13.5. అందుకే మీటర్‌లో నిష్పత్తి చూడకండి, లాంబ్డా (ఉన్న గాలి, కావలసిన గాలికి ఎన్నో వంతో చెప్పే అంకె) చూడండి. ఫుల్ బూస్ట్‌లో 0.75 నుంచి 0.78 మధ్య ఉండాలి. పిస్టన్ ఇంజన్ నాలుగుసార్లు నాక్ (పెట్రోల్ వేళ కాని వేళ పేలడం) అయినా తట్టుకుంటుందేమో, రోటరీలో ఒక్క గట్టి నాక్‌కే అపెక్స్ సీల్ విరుగుతుంది. మే నెలలో మధ్యాహ్నం ట్యూన్ చేయిస్తే లోపలికి వెళ్లే గాలి వేడి కూడా లాగ్‌లో పెట్టించండి.

ఇదంతా ట్రాక్ బండి సంగతి. రోడ్డు మీద తిరిగే బండైతే ఇంజన్ మార్పులకి ఆర్‌టీఓ అనుమతి ముందే తీసుకోండి.

7. ఫలితం సరిచూసుకోవడం

ఇంజన్ వేడెక్కాక ఇంధనం, ఇగ్నిషన్ ఆపేసి, రెండు రోటర్లకీ ఒక్కో ప్లగ్ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి స్టార్టర్‌తో తిప్పండి. రోటరీ టెస్టర్ ఉంటే మంచిది. లేకపోతే మామూలు గేజ్‌లోంచి గాలి పట్టి ఉంచే చిన్న వాల్వ్ తీసేసి, ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి, ముల్లు మూడు మూడు దెబ్బలుగా ఎగురుతుంది, ఒక్కో దెబ్బ ఒక్కో ముఖం. 13బి-ఆర్‌ఈడబ్ల్యూకి 250 ఆర్‌పీఎం దగ్గర మంచి అంకె చదరపు సెంటీమీటరుకి 8.5 కిలోలు, కనీసం 6, ముఖాల మధ్య తేడా 1.5 దాటకూడదు. మూడూ సమానంగా ఎగరాలి. ఒకటి మాత్రం కుంటితే ఆ ముఖం సైడ్ సీల్, పక్కపక్కన రెండు కుంటితే ఆ రెండు ముఖాల మధ్య ఉన్న అపెక్స్ సీల్.

"9.7 వేశాను, గేజ్‌లో పెరగలేదేంటి?" అని అడిగేవాళ్లకి: ఈ పరీక్ష చూపించేది ముఖ్యంగా సీళ్ల ఆరోగ్యం. కొత్త సీళ్లు ఇంకా కూర్చోనప్పుడు కారిపోయే గాలి, మీరు పెంచిన రేషియో తెచ్చే తేడాని మింగేస్తుంది. మీ రేషియో ఎంతో చెప్పగలిగింది రెండో అడుగులో బ్యూరెట్ ఇచ్చిన అంకె మాత్రమే. అది రాసిన కాగితం పారేయకండి.

ఇంకొకటి, బెంగళూరు మిత్రులు తరచూ కంగారుపడేది. మీ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తులో ఉంది, గాలి పల్చన, అదే ఇంజన్ అక్కడ చెన్నైలో కన్నా దాదాపు పదో వంతు తక్కువ చూపిస్తుంది. చెన్నైలో 8 వస్తే అక్కడ 7.2 రావడం మామూలే, సీళ్లు పోలేదు. దీనికి రెండో పక్క కూడా ఉంది: బెంగళూరులో నాక్ రాకుండా అంచుదాకా ట్యూన్ చేయించుకుని ట్రాక్ డేకి ఇరుంగట్టుకోట్టై దిగితే ఇక్కడి గాలి దట్టం, వేడి కూడా ఎక్కువ. దిగిన రోజు పొద్దున్నే టైమింగ్ రెండు డిగ్రీలు వెనక్కి లాగి, మొదటి రెండు ల్యాప్‌లు లాగ్ చూసుకున్నాకే గట్టిగా తొక్కండి.

500 కి.మీ. తిరిగాక ఆయిల్ మార్చి, ఫిల్టర్ కోసి లోపలి మడతలు విప్పి చూడండి. సన్నటి బూడిదరంగు పొడి ఉంటే ఫర్వాలేదు. మెరిసే రేకులు కనపడితే బేరింగ్, ఆ రోజుకి బండి తీయకండి. తర్వాత కంప్రెషన్ మళ్లీ కొలిచి మొదటి అంకెల పక్కనే రాసిపెట్టుకోండి, సీళ్లు కూర్చుని ఉంటే ఈసారి పెరిగి ఉంటుంది.